మోదుగ పూతకాలంలో నల్లమల: ఎక్కడ బస, ఎక్కడ ఫొటో

ఫిబ్రవరి చివర్లో నల్లమలకి వెళ్తానంటే "ఎండుపుల్లలు తీసుకొస్తావా?" అని నవ్వారు ఇంట్లో. నిజమే, అప్పటికి టేకు ఆకంతా రాల్చేసి ఉంటుంది. కానీ రంగు కనపడాలంటే ఆ మోడు అడవే కావాలి. చుట్టూ పచ్చదనం ఉంటే మోదుగ పువ్వు అంత దూరం నుంచి కంటికి ఆనదు.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే 765వ నంబరు జాతీయ రహదారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం మధ్యలోంచి పోతుంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ అడవి దారిలో వాహనాలను వదలరు. ఫొటోలకని వెళ్లేవాళ్లకి బస ఎక్కడో తేల్చేది ఈ నియమమే. ఈ కాలంలో 6:30 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది, 8:30 దాటితే వెలుతురు తెల్లబడిపోతుంది. శ్రీశైలంలో దిగితే, గేటు తీశాక ఘాట్ రోడ్డంతా తిరిగి, హైదరాబాద్ వైపు అడవి అంచున చెక్‌పోస్టు ఉన్న మన్ననూరు ఇవతలికి వచ్చేసరికే ఆ రెండు గంటలూ హరీ.

అందుకే మన్ననూరులో అటవీశాఖ కాటేజీ తీసుకున్నాం. ఆన్‌లైన్లో బుక్ చేసుకోవాలి, శని ఆదివారాలైతే బాగా ముందుగానే. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి. తిండి సాదాసీదా, రాత్రి ఆలస్యమైతే దొరకదనే లెక్కేసుకోవాలి. ఫోన్ సిగ్నల్ మీద ఆశలు పెట్టుకోవద్దు. నాకైతే అదీ మేలే.

అసలు పంట పండింది చెక్‌పోస్టుకి బయట, అచ్చంపేట వైపు పొలాల గట్ల మీద. అభయారణ్యం లోపల బండి ఆపి దిగనివ్వరు, ఇక్కడ ఆ బాధ లేదు. మోదుగ చెట్టు ఎత్తు తక్కువ, కొమ్మ చేతికందుతుంది. దగ్గరికెళ్లి చూస్తే తొడిమ దగ్గర నల్లటి మఖమల్ గిన్నె, అందులోంచి చిలక ముక్కులా వంగిన నారింజ రేకు, రేకు మీద సన్నటి వెండి నూగు. పొద్దుని పువ్వు వెనక పెట్టుకుని చూస్తే ఆ నూగంతా వెలుగుతుంది. తేనెపిట్టలు వస్తూనే ఉంటాయి. పిట్ట వెంట పరిగెత్తకుండా ఒక గుత్తి మీద ఫోకస్ పెట్టుకుని కూర్చుంటే అదే వచ్చి వాలుతుంది.

ఈ రంగుతో ఒక చిక్కుంది. కెమెరాకి వదిలేస్తే ఎరుపు ఛానల్ (ఫొటోలో ఎరుపు రంగు పాలు) హద్దు దాటిపోయి పువ్వంతా ఒకే నారింజ ముద్దగా వస్తుంది, రేకుల గీతలు పోతాయి. ఎక్స్‌పోజర్ ఒక స్టాపులో (వెలుతురు కొలతలో) మూడింట రెండు వంతులు తగ్గించి, వెలుతురు గ్రాఫు అయిన హిస్టోగ్రామ్‌లో ఎరుపు ఒక్కదాన్నే చూసుకున్నాను. ఫోన్‌తో తీసేవాళ్లు పువ్వు మీద వేలుపెట్టి వెలుతురు కిందికి లాగితే సరి.

బూరుగు కథ వేరు. చెట్టు ఎత్తు, పువ్వు పైకెక్కడో. 300 మిల్లీమీటర్ల లెన్స్ లేకపోతే రాలిన పూల దగ్గరే ఆగాలి. ఆ రాలిన పువ్వూ తక్కువదేమీ కాదు, ఎర్రగా, మందంగా, అరచేతికి నిండుగా ఉంటుంది. రోడ్డు పక్కన అటవీ సిబ్బంది నిప్పు పాకకుండా కాల్చిన పట్టీల నల్లటి బూడిద మీద పడితే, దాని ఎరుపు ఇంకెక్కడా అంత లేవదు. దాన్ని బండిలోంచే తీశాను. రాళ్ల వాలుల్లో ఆకే లేని కొండగోగు కొమ్మల మీద పసుపుపచ్చటి పూలు కూడా ఇప్పుడే.

జీపులో అడవి చూపించే ఫరహాబాద్ సఫారీకి మాత్రం సగం మార్కులే. జీపు పాతది, ఆపమన్నచోట ఆపరు, వ్యూపాయింట్ దగ్గరికి చేరేసరికి కింద మైదానమంతా మసక. మమ్మల్ని తిప్పిన చెంచు కుర్రాడు మాత్రం బంగారం. "పులి కోసం చూడకండి సార్, బూరుగు కింద చూడండి, దుప్పులు పూలు తింటయి" అన్నాడు. అన్నట్టే కనపడ్డాయి. చప్పుడు చెయ్యకుండా ఇంజన్ ఆపించింది కూడా అతనే. మల్లెల తీర్థం జలపాతం ఈ కాలంలో నీటి కోసం వెళ్లే చోటు కాదు, అన్ని మెట్లు దిగి ఎక్కేది వానాకాలానికి దాచుకోండి.

తిరుగు ప్రయాణానికి ముందు శ్రీశైలంలో దర్శనానికని ఓ ప్రైవేటు లాడ్జిలో దిగాం. పేరెందుకు గానీ, దుప్పటి మార్చమంటే "ఇప్పుడే మార్చాం" అని వాదించారు, పక్క మీద పాత వెంట్రుకలు కనపడుతుండగానే. పర్యాటక శాఖ హరిత హోటల్లో దొరికితే అదే చూసుకోండి.

తేదీలు ఖాయం చేసే ముందు పంచాంగం తప్పకుండా చూడండి. శివరాత్రి వారమంటే కాలినడక భక్తులతో, బస్సులతో దారంతా కిక్కిరిసి ఉంటుంది. ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చే జనం తక్కువేం కాదు, పైగా అప్పటికి మోదుగ చాలావరకు రాలిపోతుంది. ఈ రెంటికీ నడుమ, పని దినాల్లో, మన్ననూరులో రెండు రాత్రులు పెట్టుకుంటే చాలు.