క్లబ్‌లో గోల్స్ కొడుతున్నవాడా, కోచ్‌కి అలవాటైనవాడా: జాతీయ జట్టుకి ఎవరు మేలు?

భారత ఫుట్‌బాల్ జట్టు స్ట్రైకర్ సునీల్ ఛెత్రి రిటైర్మెంట్ నుంచి వెనక్కి వస్తున్నాడని 2025 మార్చి 6న ప్రకటన వచ్చింది. అప్పటికి అతని వయసు 40. సరిగ్గా తొమ్మిది నెలల కిందట, 2024 జూన్ 6న, కోల్‌కతాలో కువైట్‌తో 0-0 మ్యాచ్ ఆడి, దేశం తరఫున 94 గోల్స్ దగ్గర వీడ్కోలు తీసుకున్నాడు. మరి ఎందుకు పిలిచారు? ఆ ఏడాది మన క్లబ్బుల లీగ్ అయిన ఐఎస్ఎల్‌ (ఇండియన్ సూపర్ లీగ్)లో భారతీయ ఆటగాళ్లందరిలో ఎక్కువ గోల్స్ అతనివే. సీజన్ ముగిసేసరికి బెంగళూరు క్లబ్ తరఫున 14 కొట్టాడు. పిలిచిన కోచ్ మనోలో మార్కెజ్, 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీకి టైటిల్ అందించినవాడు. మన లీగ్ లోతుపాతులు బాగా తెలిసిన మనిషి.

జాతీయ జట్టులో ఫార్వర్డ్ చోటు ఖాళీ అయిన ప్రతిసారీ కోచ్ ముందు మూడు దారులుంటాయి. క్లబ్‌లో ఈ రెండు నెలలుగా ఊపు మీదున్న కొత్త కుర్రాణ్ని పిలవడం ఒకటి. క్లబ్‌లో అంతగా ఆడకపోయినా, తన పద్ధతి తెలిసిన పాత ఆటగాణ్ని కొనసాగించడం రెండోది. ఛెత్రిలాగా అనుభవం, ఫామ్ రెండూ ఉన్న పెద్ద వయసు ఆటగాణ్ని ఆడించడం మూడోది.

ముందు ఫామ్ అంటే ఏమిటో తేల్చుకోవాలి. గోల్స్ పట్టిక ఒక్కటే చూస్తే మోసపోతాం. ఉదాహరణకు, ఒక ఆటగాడు 1,600 నిమిషాలు ఆడి 8 గోల్స్ కొట్టాడనుకుందాం. అందులో 3 పెనాల్టీలు. అవి తీసేస్తే మిగిలేవి 5, అంటే 320 నిమిషాలకు ఒకటి. ఇంకొకడు 900 నిమిషాల్లో పెనాల్టీ లేకుండా 4 కొట్టాడు, అంటే 225 నిమిషాలకు ఒకటి. పట్టికలో మొదటివాడు పైన కనిపిస్తాడు, కానీ పిలవాల్సింది రెండోవాణ్ని. జాతీయ జట్టులో పెనాల్టీ కొట్టేవాడు ముందే ఖాయమై ఉంటాడు, కొత్తవాడికి ఆ అవకాశం రాదు. పైగా మూడు నాలుగు మ్యాచ్‌ల జోరు అదృష్టం కూడా కావచ్చు. కనీసం 8 నుంచి 10 మ్యాచ్‌లు చూడాలి. అందులోనూ గోల్ ముందుండే పెనాల్టీ బాక్స్ లోపల ఎన్నిసార్లు బంతి అందుకున్నాడు, ఎన్ని షాట్లు కొట్టాడు అన్నది గోల్స్ కంటే నమ్మదగిన లెక్క. షాట్లు పెరగకుండా గోల్స్ మాత్రమే పెరిగితే ఆ ఊపు ఎక్కువ రోజులు నిలవదు.

మన దేశంలో దీనికి ఇంకో చిక్కు ఉంది. ఐఎస్ఎల్‌లో 2021-22 నుంచి మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులకు మించి ఉండకూడదు. ఆ నాలుగు చోట్లలో ఒకదాన్ని దాదాపు ప్రతి క్లబ్బూ సెంటర్ ఫార్వర్డ్‌కే వాడుతుంది. అందుకని మన స్ట్రైకర్లు వింగ్ (మైదానం అంచు) మీదైనా ఆడాలి, బెంచ్ మీదైనా కూర్చోవాలి. 2024-25లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ గెలిచిన అలాద్దీన్ అజారీ మొరాకోవాడు. క్లబ్‌లో ఎడమ వింగ్ మీద ఆడుతూ, లోపల ఒక విదేశీ స్ట్రైకర్ ఇద్దరు డిఫెండర్లను లాక్కుపోతుంటే ఖాళీ దొరికి గోల్స్ కొట్టినవాణ్ని తీసుకొచ్చి, జాతీయ జట్టులో ఒంటరి స్ట్రైకర్‌గా నిలబెడితే ఏమవుతుంది? గోల్‌కి వీపు పెట్టి బంతి ఆపడం అతనికి అలవాటుండదు. 90 నిమిషాల్లో పదిసార్లు బంతి తాకితే గొప్ప. మర్నాడు "క్లబ్‌లో పులి, దేశానికి పిల్లి" అంటారు. తప్పు ఆటగాడిది కాదు, నిలబెట్టిన చోటుది.

చోటు మార్చడం ఎప్పుడూ పొరపాటేనని కాదు. 1962 ఆసియా క్రీడల్లో మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందుకు తెచ్చి ఫార్వర్డ్‌గా ఆడించాడు. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1 గెలుపులో ఒక గోల్ అతనిదే. కానీ రహీం చేతిలో ఆ జట్టు ఏళ్ల తరబడి కలిసి ఆడింది. ఇప్పటి కోచ్‌కి అంత సమయం ఎక్కడిది?

రెండో దారికి ఉన్న బలమంతా ఆ సమయం లెక్కలోనే ఉంది. మామూలు ఫిఫా విండో, అంటే క్లబ్బులు ఆటగాళ్లను జాతీయ జట్టుకి వదిలే గడువు, తొమ్మిది రోజులు, రెండు మ్యాచ్‌లు. ఆటగాళ్లు సోమవారం క్యాంపుకి చేరతారు. ముందు రోజు లీగ్ ఆడి వచ్చినవాడికి తొలి రోజు విశ్రాంతే. గురువారం మ్యాచ్ ఉంటే నిఖార్సైన ప్రాక్టీసులు రెండు. ఆ రెంటిలో కొత్తవాడు ఎప్పుడు ముందుకెళ్లి ఒత్తిడి పెట్టాలో, కార్నర్‌లో ఎవరి వెంట ఉండాలో, బంతి పోగానే ఎటు పరిగెత్తాలో నేర్చుకోవాలి. పాతవాడికి ఇవన్నీ కాళ్లకే తెలుసు. 2026 నుంచి సెప్టెంబర్, అక్టోబర్ విండోలను కలిపి 16 రోజుల్లో నాలుగు మ్యాచ్‌లు పెడుతున్నారు. కొత్తవాణ్ని నేర్పి ఆడించడానికి అదే సరైన అదును.

2025 అక్టోబర్ 9న సింగపూర్‌లో, ఆ దేశంతో ఆసియా కప్ అర్హత మ్యాచ్‌లో జరిగింది చూడండి. సందేశ్ ఝింగన్ రెడ్ కార్డుతో బయటకు వెళ్లి, మన జట్టు పది మందితో 0-1 వెనకబడి ఉంది. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన రహీం అలీ 90వ నిమిషంలో, డిఫెండర్ గోల్‌కీపర్‌కి నిర్లక్ష్యంగా వేసిన బ్యాక్‌పాస్ వెంట పడి, బంతి లాక్కుని స్కోరు 1-1 చేశాడు. లీగ్ గోల్స్ పట్టికలో అతనెప్పుడూ పైన లేడు. ఆ పరుగు మాత్రం అతని పని, ఆ పని చేశాడు.

కానీ రెండో దారిని అలవాటుగా చేసుకుంటే ప్రమాదమే. క్లబ్‌లో బెంచ్ మీదున్నవాడు ప్రాక్టీసులో ఎంత చురుగ్గా ఉన్నా, 60వ నిమిషం దాటాక తేలిపోతాడు. రెండో పరుగు అర సెకను ఆలస్యమవుతుంది. వెనక తొడ కండరం పట్టేసేదీ అప్పుడే. నా లెక్కలో గత రెండు నెలల్లో 400 నిమిషాలు కూడా ఆడనివాణ్ని తొలి పదకొండు మందిలో పెట్టకూడదు, పేరు ఎంత పెద్దదైనా సరే.

మూడో దారి సంగతి. 2025 మార్చి 19న షిల్లాంగ్‌లో మాల్దీవులపై 3-0తో గెలిచాం. 489 రోజుల తర్వాత దొరికిన గెలుపు. లిస్టన్ కొలాసో క్రాస్‌ను తలతో లోపలికి పంపి ఛెత్రి తన 95వ గోల్ కొట్టాడు. ఆరు రోజుల తర్వాత అదే మైదానంలో ఆసియా కప్ అర్హత మ్యాచ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0. జూన్ 10న హాంకాంగ్‌లో ఆ జట్టు చేతిలో చివరి క్షణాల పెనాల్టీతో 0-1 ఓటమి. అక్టోబర్ 14న మార్గావ్‌లో సింగపూర్ చేతిలో 1-2 ఓడి, 2027 ఆసియా కప్ ఆశ వదులుకున్నాం. ఛెత్రిని పిలవడం తప్పని నేను అనను. లీగ్‌లో ఆ గోల్స్ చూశాక పిలవకపోవడమే అన్యాయం. తప్పంతా అతని వెనక రెండో మనిషిని సిద్ధం చేయకపోవడంలో ఉంది. 40 ఏళ్ల ఆటగాడికి 30 నిమిషాల పని ఇవ్వాలి, 22 ఏళ్లవాడికి మిగతా 60 ఇవ్వాలి.

కాబట్టి నా ఓటు మొదటి దారికే, ఒక షరతు మీద: ఫామ్ చూసి క్యాంపుకి పిలవాలి, చేయాల్సిన పని చూసి మైదానంలోకి దించాలి. 23 మంది జట్టులో ముగ్గురు గోల్‌కీపర్లు పోగా 20 చోట్లు. ముందు వరుసకు ఆరు అనుకుంటే, నాలుగు కోచ్ పద్ధతి తెలిసినవారికి, రెండు ఆ నెల లీగ్‌లో మెరిసినవారికి. ఆ రెండూ ఎవరికీ శాశ్వతం కాదు, ప్రతి విండోకి మళ్లీ చూడాలి. కొత్తవాడు క్లబ్‌లో ఏ పక్క ఆడతాడో ఇక్కడా ఆ పక్కే ఆడించాలి. వీలైతే అదే క్లబ్ ఫుల్‌బ్యాక్‌ను (ఆ పక్క డిఫెండర్‌ను) వెనక ఉంచాలి. ఆ ఇద్దరి మధ్య పాస్ ఎప్పుడు వస్తుందో క్యాంపులో నేర్పక్కర్లేదు. తొలి మ్యాచ్‌లో 25 నిమిషాలు చాలు. అదీ స్కోరు సమంగా ఉన్నప్పుడు దించాలి. 0-2తో వెనకబడ్డాక, 85వ నిమిషంలో పంపి వాణ్ని పరీక్షించామంటే కుదరదు.