చిలికాలో మోటారు ఆపిన పడవ

సంక్రాంతి సెలవులకి అందరూ పోయే అరకు వద్దనుకుని, పిల్లలకి డాల్ఫిన్లు చూపిద్దామని ఒడిశాలోని చిలికా సరస్సుకి బయల్దేరాం. బెజవాడలో రాత్రి రైలెక్కితే మర్నాటికి ఖుర్దా రోడ్డు, అక్కడ మారితే పూరీ. రైలు గురించి చెప్పడానికేమీ లేదు, గోంగూర పచ్చడి డబ్బా మూత ఊడి మా బావగారి తెల్లచొక్కా ఖరాబవడం తప్ప.

పూరీలో తీసుకున్న హోటల్ శుద్ధ దండగ. బుకింగ్ ఫోటోలో సముద్రం, కిటికీ తీస్తే పక్కింటి గోడ. గీజర్ ఉంది, వేడినీళ్ళు లేవు. గది మార్చమంటే "పండగ రష్ సార్" అని మళ్ళీ ఫోన్‌లో తల పెట్టేశాడు. మర్నాడే 50 కిలోమీటర్ల అవతల సాతపడాకి మారిపోయాం. అక్కడ దొరికిన బసలో దుప్పట్లు పాతవి, భోజనం రెండు గంటల ముందు చెబితే తప్ప వండరు. కానీ తలుపు తీస్తే ఎదురుగా సరస్సు. డాల్ఫిన్ల కోసమే వెళ్ళేవాళ్ళు నేరుగా ఇక్కడ దిగండి, జగన్నాథుడి దర్శనం తిరుగు ప్రయాణంలో పెట్టుకోవచ్చు.

మొదటి పడవ మధ్యాహ్నం ఎక్కాం. నీళ్ళలో ఒక బూడిదరంగు వీపు కనబడిందో లేదో, మా పడవతో పాటు ఇంకో నాలుగు అటే దూసుకెళ్ళాయి. పొగ, కేకలు, ఫోన్లు. "ఇంకొంచెం దగ్గరికి పోనీ, 500 ఎక్కువిస్తా" అని బావగారు. నేనూ వద్దనలేదు, నా ఫోనూ వీడియో తీస్తూనే ఉంది. అంతే, ముప్పావుగంట ఒక్కటీ పైకి రాలేదు. తర్వాత ఒక దీవిలో దింపారు. అక్కడొకతను ఆల్చిప్ప పగలగొట్టి ముత్యం తీసి చూపిస్తే బావగారు 300 పెట్టి కొన్నారు. దాని సంగతి ఇంటికొచ్చాక మా అక్కయ్య తేల్చింది, వదిలేయండి.

మర్నాడు పొద్దున్నే ఒక పెద్దాయన పడవ మాట్లాడుకున్నాం. ధర అంతే. సరస్సు మధ్యలోకి తీసుకెళ్ళి మోటారు ఆపేసి, కాళ్ళు బారజాపుకుని బీడీ వెలిగించాడు. పావుగంట ఏమీ లేదు. "డబ్బులు బూడిదలో పోశాం" అని బావగారు గొణిగారు. ఇంతలో వెనకనుంచి ఫుస్ మని ఒక శబ్దం, బోరింగు పంపులోంచి గాలి తన్నినట్టు. గుండ్రటి తల, ముందుకి పొడుచుకొచ్చిన మూతి లేదు, వీపు మీద చిన్న రెక్క. దాని పక్కనే మూరెడు వెనకగా పిల్ల. అవే ఇరావడి డాల్ఫిన్లు, చిలికాలో ఉన్నవి సుమారు 150. తల్లి వీపు మీద అడ్డంగా మానిపోయిన గాటు ఒకటి ఉంది. పెద్దాయన వేలు గిరగిరా తిప్పి, "పంఖా" అన్నాడు, పడవ మోటారు రెక్క అని.

ఈ బురద నీళ్ళలో అవి కళ్ళకన్నా చెవులనే నమ్ముకుంటాయి. చప్పుడు చేసి, దాని ప్రతిధ్వనిని బట్టి చేప ఎక్కడుందో, పిల్ల ఎక్కడుందో పట్టుకుంటాయి. ఐదు మోటార్లు చుట్టూ మోగుతుంటే వాటికి ఏం వినబడుతుంది? 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో పులికున్న రక్షణే డాల్ఫిన్‌కీ ఉంది. మా పాప దుబాయ్‌లోలా ఇక్కడ షో ఉండదా అనడిగింది. మన దేశంలో అలాంటి పార్కులకి అనుమతులివ్వొద్దని కేంద్రం 2013లోనే చెప్పేసింది. కానీ పడవలో కూర్చున్న నాలాంటివాణ్ణి ఆ చట్టం ఎంతని కాపలా కాస్తుంది?

తిరుగుదారిలో పూరీలో పెంటకోట వెళ్ళాం. తెలుగు జాలర్ల పేట అది. ఇసుకలో వల బాగుచేసుకుంటున్న ఒక తాతని డాల్ఫిన్లు వల్లో పడతాయా అని అడిగాను. "పడతాయి బాబూ. అది సేప కాదు గదా, పైకొచ్చి ఊపిరి తీసుకోవాల. వల్లో సుట్టుకున్నాక పైకెలా వత్తాది? మాకూ వల పోద్ది, దానికీ పేణం పోద్ది" అని మళ్ళీ వలలో తల పెట్టాడు. ఆ నైలాన్ దారం నా వేళ్ళకి తగిలింది గానీ, చూపుకి సరిగ్గా ఆనలేదు. అంత సన్నటిదాన్ని మసక నీళ్ళలో, చెవులతో వెతుక్కునే డాల్ఫిన్ మాత్రం ఎలా పసిగడుతుంది?

మీరు వెళితే రేవులో "ఎంత దగ్గరికి తీసుకెళ్తావ్" అని బేరం పెట్టకండి. మోటారు ఆపుతాడా లేదా, అదొక్కటే అడగండి. తెల్లవారుజామున పడవలు తక్కువ. స్వెట్టర్ మర్చిపోవద్దు.

పటమటలో చుట్టాలు వచ్చినప్పుడల్లా వీడియోలు అడుగుతున్నారు. మొదటి పడవలో తీసిందాంట్లో నురగ, బావగారి మోచెయ్యి. రెండోదాంట్లో ఖాళీ సరస్సు, ఎవరో దగ్గడం, ఆ తర్వాత రెండుసార్లు ఫుస్ మని చప్పుడు. వాళ్ళకి ఏమీ కనబడదు. మా పాప మాత్రం రెండోదే పెట్టమంటుంది.