పాత కట్టడం పక్కన హోటల్: అద్దమా, ఇటుకా?

ఇరుకు స్థలం, ఆనుకుని ఓ చారిత్రక భవనం. అక్కడ హోటల్ కట్టాలంటే వాదనంతా ముఖభాగం చుట్టూనే తిరుగుతుంది. పాతదాన్ని అనుకరించడమా, అద్దాలు తొడగడమా, ఇటుకతో అణకువగా కట్టడమా?

అనుకరణకు నేను ఒప్పుకోను. నకలు పక్కన నిలిస్తే అసలును కూడా అనుమానంగానే చూస్తారు. పాత కట్టడానికి తప్పనిసరై చేర్చేది ఏదైనా తన కాలపు ముద్రతో వేరుగా తెలియాలని చారిత్రక కట్టడాల సంరక్షణకు సూత్రాలు చెప్పే 1964 నాటి అంతర్జాతీయ పత్రం వెనిస్ చార్టర్ కూడా చెప్పింది.

అద్దాన్ని అంత తేలిగ్గా తోసిపుచ్చలేం. వియన్నాలో సెయింట్ స్టీఫెన్ కెథెడ్రల్ ఎదుట హాన్స్ హొలైన్ రూపొందించిన హాస్ హౌస్ 1990లో పూర్తయింది. తర్వాత అందులోకి హోటల్ కూడా వచ్చింది. దాని వంపు అద్దాల్లో కెథెడ్రల్ ముక్కలు ముక్కలుగా మెరుస్తుంది. కానీ ఆ ప్రతిబింబాన్ని చూడటానికి అక్కడ విశాలమైన కూడలి ఉంది. సందులో ఆ దూరమే దొరకదు. పైగా రాత్రయితే ఒక గదిలో దీపం, మరో గదిలో సగం లాగిన తెర; గోడంతా అతుకుల బొంతలా కనిపిస్తుంది.

అందుకే నా ఓటు ఇటుకకే. పక్క భవనం చూరు గీత ఎక్కడ ఆగిందో మన గోడా అక్కడే ఆగాలి, పై అంతస్తులు వెనక్కి జరగాలి. కొన్ని గదులు పోతాయి, నిజమే. వరండాకు రెండు వైపులా గదులు రావాలంటే సుమారు 16 మీటర్ల వెడల్పు కావాలి. స్థలం 10 మీటర్లే అయితే ఒకే వరుస. అప్పుడు వరండాను పాత గోడ వైపు ఉంచి, గదులకు రెండో వైపు వెలుతురు ఇవ్వడం మేలు.

అయితే నన్ను అన్నిటికంటే భయపెట్టేది సెల్లార్. బోస్టన్‌లో 60 అంతస్తుల జాన్ హాంకాక్ టవర్ అద్దాల్లో ట్రినిటీ చర్చి ఎంతో అందంగా కనిపిస్తుంది. అదే టవర్ పునాది తవ్వినప్పుడు మట్టిని ఆపే ఉక్కు గోడలు వంగాయి, పక్కనేల కదిలింది, వేల కొయ్య స్తంభాల మీద నిలిచిన ఆ చర్చి దెబ్బతింది. కార్లకు చోటు మరోచోట చూసుకోవచ్చు; సెల్లార్ మానేయడమే నయం.

తప్పక తవ్వాల్సి వస్తే ముందే పాత గోడ పగుళ్లకు అడ్డంగా సన్నని గాజు పట్టీలు అతికించాలి. ఒక్క పట్టీ చిట్లినా గోడ కదులుతోందన్నమాట; ఆ పూట పని ఆగాలి.