ఫోన్ బాగుంది, బాగుచేయించుకోనివ్వడమే లేదు: కొన్నేళ్ల వాడకం తర్వాత

కెమెరా, స్పీడు, సిగ్నల్ విషయంలో ఈ ఫోన్‌కి వంక పెట్టలేను. కొన్నేళ్లుగా పొద్దున లేచింది మొదలు వాడుతూనే ఉన్నాను, అప్‌డేట్లు ఇప్పటికీ టైముకే వస్తున్నాయి. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ పద్ధతి ఆ ఒక్కరిదే కాదు.

బ్యాటరీ దిగిపోవడంతో అసలు సంగతి బయటపడింది. లిథియం అయాన్ బ్యాటరీ ఏదైనా కొన్ని వందల ఛార్జింగులయ్యాక పట్టు తగ్గుతుంది, దానికి ఎవరినీ అనలేం. బయట రిపేర్ చేసే మెకానిక్ అదే మోడల్ ఫోన్‌లోంచి తీసిన, అంతగా వాడని కంపెనీ బ్యాటరీ వేశాడు. ఛార్జింగ్ చక్కగా నిలుస్తోంది. కానీ సెట్టింగ్స్‌లో 'గుర్తుతెలియని భాగం' అని హెచ్చరిక మొదలైంది. బ్యాటరీ ఎంత బాగుందో చూపించే శాతం కూడా పోయింది.

కారణం ఏమిటంటే, ముఖ్యమైన ఒక్కో భాగానికీ ఒక నంబరు ఉంటుంది, అది ఫోన్ బోర్డులో ముందే రాసి ఉంటుంది. రెండూ కలవకపోతే సాఫ్ట్‌వేర్ ఏదో ఒక ఫీచర్ ఆపేస్తుంది. నంబర్లు కలిపే సాఫ్ట్‌వేర్‌ని చాలావరకు కంపెనీ సర్వీస్ సెంటర్లకే ఇస్తూ వచ్చారు. దీన్నే పార్ట్స్ పెయిరింగ్ అంటారు. వేలిముద్ర సెన్సర్‌ని ఇలా ముడిపెట్టారంటే ఒప్పుకుంటాను, అక్కడ భద్రత ప్రశ్న నిజంగానే ఉంది. బ్యాటరీలో ఎవరి రహస్యం దాగి ఉందని?

తర్వాత డిస్‌ప్లే పగిలింది. ఆ పని నా ఎదురుగానే జరిగింది. పగిలిన డిస్‌ప్లే మీద బియ్యపుగింజంత కూడా లేని ఐసీని, అంటే ఆ నంబరు దాచుకున్న చిన్న చిప్‌ని, మైక్రోస్కోప్ కింద పెట్టి, హాట్ ఎయిర్‌తో మెల్లగా లేపాడు. వేసే డిస్‌ప్లే మీదున్న ఐసీ తీసేసి, ఆ చోట దీన్ని సాల్డర్ చేశాడు. వేడి కాస్త ఎక్కువైతే డిస్‌ప్లే పోయినట్టే. చూస్తున్నంతసేపూ నాకే టెన్షన్. ఇంత నేర్పు, ఇంత సమయం కేవలం ఫోన్‌ని నమ్మించడానికే ఖర్చయిపోయిందంటే మనసు ఒప్పుకోదు. ఆటో బ్రైట్‌నెస్ మాత్రం పోలేదు, ఆ మెకానిక్ చలవ.

చట్టాలు కదులుతున్నాయి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2024లో ఇలాంటి అడ్డంకుల్ని నిషేధిస్తూ చట్టం చేసింది. అయితే 2025 జనవరి 1 తర్వాత తయారైనవాటికే ఆ నిషేధం. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి మార్కెట్లోకి వచ్చే ఫోన్ల ముఖ్యమైన విడిభాగాలు, ఆ మోడల్ అమ్మకం ఆపేశాక కూడా 7 ఏళ్లు దొరికేలా చూడాలి. బ్యాటరీ 800 ఛార్జింగుల తర్వాతా కనీసం 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. నా ఫోన్ వీటన్నిటికంటే ముందుది.

వాడకానికి ఐదుకి నాలుగున్నర ఇస్తాను, రిపేరుకి ఒక్కటే. కొనేముందు బ్యాటరీ, డిస్‌ప్లే బయట మారిస్తే ఏయే ఫీచర్లు ఆగిపోతాయో రిపేర్ చేసేవాళ్లనే అడగండి. బాక్సు మీద ఆ ముక్క ఎవరూ రాయరు.