కోరింగ మడ అడవుల్లో ఆదివారం పిట్టల వాక్‌కి డబ్బు కట్టేముందు ఇది చదవండి

కాకినాడ నుంచి ప్రతి ఆదివారం పొద్దున ఆరింటికి కోరింగ మడల వైపు తీసుకెళ్తున్నారు చూడండి, ఆ వాక్ గురించే. మనిషికి 900. ఇంకా కట్టనివాళ్లు ఆగండి.

అసలు "ప్రతి ఆదివారం ఆరింటికి" అన్నదగ్గరే తేడా ఉంది. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, అంటే వారానికి ఆరు గంటలకి దగ్గర. ఈ ఆదివారం ఆరింటికి పాటు (నీళ్లు వెనక్కి తీసిన వేళ) ఉంటే, వచ్చే ఆదివారం అదే టైముకి పోటు. పాటులో బురద బయటపడితేనే ఉల్లంకులు, అంటే బురదలో మేత ఏరుకునే పొడుగు ముక్కు పిట్టలు, మేతకి దిగుతాయి. నిన్న నేను వెళ్తే నిండు పోటు. గంటన్నర నడిస్తే ఒక లకుముకి, రెండు గరుడ పక్షులు. టైడ్ టేబుల్ ఫోన్‌లోనే దొరుకుతుంది, చూసుకోకుండా డబ్బు పంపడం నా తప్పే.

పదకొండు మందికి రెండే బైనాక్యులర్లు. ఒకదాంట్లో బొమ్మ రెండుగా కనిపిస్తోంది. కిందపడి లోపల ప్రిజం కదిలితే అంతే, కుడికన్ను దగ్గర రింగు ఎంత తిప్పినా కలవదు.

ఇదంతా ఓర్చుకోవచ్చు. చివర్లో రొయ్యల చెరువు గట్టుమీద రెండొందల దాకా ఉల్లంకులు, ఒంటికాలిమీద, ముక్కు రెక్కలో దూర్చుకుని నిద్రపోతున్నాయి. పోటువేళ వాటికి అదే పడక. కెమెరాలవాళ్లు ఎగిరే ఫోటో కావాలన్నారు. గైడు వంగి మట్టిబెడ్డ తీసి గుంపు మధ్యకి విసిరాడు. అన్నీ ఒక్కసారిగా లేచాయి. చెరువు చుట్టూ తిరిగి దిగబోతుంటే ఇంకో బెడ్డ. ఇక దిగలేదు, సముద్రం వైపు పోయాయి. ఇదేంటండీ అంటే, "మళ్లీ వస్తాయిలెండి, మీ డబ్బులకి ఫోటో రావాలిగా" అన్నాడు. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది.

శివరాత్రి వెళ్లింది. వీటిలో కొన్ని సైబీరియా దాకా ఎగరాలి. ఇప్పుడు ఒంటికి పట్టించుకున్న కొవ్వే వాటికి దారి బత్తెం. పడుకోనివ్వకుండా లేపిన ప్రతిసారీ అది ఇక్కడే కరిగిపోతుంది.

వెళ్లాలనుంటే పాటు ముగిసి నీళ్లు పైకెక్కే మొదటి రెండు గంటల్లో వెళ్లండి. ఆ నీళ్లే పిట్టల్ని ఒడ్డుకి దగ్గరగా తోసుకొస్తాయి, ఎవరూ బెడ్డ వెయ్యక్కర్లేదు. అభయారణ్యం లోపల ఎవరైనా ఇలా చేస్తే వెంటనే అటవీ సిబ్బందికి చెప్పండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడ వాటిని వేధించడం నేరం.