స్నాప్ కార్డు, విక్ కార్డు: బిల్లు కౌంటర్ దగ్గర ఏది చెల్లుతుంది, ఏది ఆగుతుంది

అమెరికాలో రాబడి తక్కువున్న ఇళ్లకు తిండికోసం సర్కారు ఇచ్చే కార్డుల్లో ముఖ్యమైనవి రెండు, స్నాప్, విక్. రెండింటికీ పని తీరు ఒకటే: కార్డు గీకి, పిన్ నొక్కాలి. తేడా అంతా లోపల ఉన్న సరుకులో. ఒకప్పుడు ఫుడ్ స్టాంపులు అన్నదే 2008లో స్నాప్ అయింది. అందులో డాలర్లు పడతాయి. గర్భిణులకూ బాలింతలకూ చిన్నపిల్లలకూ ఇచ్చే విక్‌లో ఎక్కువగా నేరుగా సరుకులే పడతాయి, నెలకు ఇన్ని గుడ్లు, ఇన్ని ఔన్సుల సీరియల్ అని. స్నాప్‌తో సోడా, చాక్లెట్లు కొననివ్వకూడదన్న వాదన ఇప్పుడు కొన్ని రాష్ట్రాల్లో నిబంధన అయింది కాబట్టి, రెంటినీ ఆ కోణంలోనే తూచి చూద్దాం.

స్నాప్‌లో ఆంక్షలు కొత్తవేం కావు. మద్యం, సిగరెట్లు, విటమిన్ మాత్రలు, సబ్బులు, డైపర్లు మొదటినుంచీ రావు. తిరకాసంతా తిండి మధ్య గీసిన గీతల్లోనే. కౌంటర్లో వేడివేడిగా పెట్టిన కాల్చిన కోడి కార్డు మీద రాదు. అదే కోడిని చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే వస్తుంది. ఎనర్జీ డ్రింక్ డబ్బా వెనక ‘న్యూట్రిషన్ ఫ్యాక్ట్స్’ అని ఉంటే అది ఆహారం, ‘సప్లిమెంట్ ఫ్యాక్ట్స్’ అని ఉంటే కాదు. పుట్టినరోజు కేకు మీద తినడానికి పనికిరాని బొమ్మల విలువ ధరలో సగం దాటితే అదీ చెల్లదు. కూరగాయల విత్తనాలు, నారు మాత్రం హాయిగా కొనుక్కోవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలీదు.

స్నాప్‌లో సోడాలు, ఎనర్జీ డ్రింకులు ఆపడానికి కేంద్ర ప్రభుత్వం నుంచి ముందుగా అనుమతి తెచ్చుకున్న రాష్ట్రం నెబ్రాస్కా. 2026 జనవరి 1న అమలు మొదలైంది. అదే రోజు మొదలుపెట్టిన అయోవా ఇంకో దారి పట్టింది: అమ్మకం పన్ను పడే తిండేదీ కార్డు మీద రాదు. పన్ను కోడ్ ముందే సిస్టంలో ఉంటుంది కనక షాపులకు పని తేలిక. అయితే ఆ పన్ను లెక్కలో పిండి కలిసినది క్యాండీ కాదు. దాంతో లోపల వేఫర్ ఉన్న చాక్లెట్ బార్ దర్జాగా గట్టెక్కుతుంది, పిండి లేని బార్ ఆగిపోతుంది. దేంట్లో చక్కెర ఎక్కువన్న ప్రశ్నే రాదు!

దీనికన్నా పెద్ద లొసుగు బిల్లులోనే ఉంది. కార్డులో పడే సొమ్ము చాలా ఇళ్లలో నెలంతా సరిపోదు, చేతి డబ్బు కలపాల్సిందే. సోడా ఆపితే పాలు కార్డుతో, సోడా నోటుతో కొంటారు. సంచిలో సరుకు మారదు. దెబ్బ తగిలేది చేతిలో రూకలేని వాళ్లకే. పోనీ అలవాట్లలో అంత తేడా ఉందా అంటే, ఒక పెద్ద కిరాణా గొలుసు బిల్లులు తీసి వ్యవసాయ శాఖ 2016లో ఇచ్చిన నివేదికలో, తిండి ఖర్చులో తీపి పానీయాల వాటా స్నాప్ ఇళ్లలో 9.3 శాతం, మిగతా ఇళ్లలో 7.1 శాతం.

విక్ జాబితా ఇంతకన్నా కఠినం, అయినా నిలబడింది. గర్భిణులు, బాలింతలు, అయిదేళ్లలోపు పిల్లలకోసం, ఫలానా పోషకాలకోసం కట్టిన జాబితా అది. 2009లో దాన్ని మార్చాక చిన్న కొట్లు కూడా ముడిధాన్యం బ్రెడ్డు, వెన్న తీసిన పాలు పెట్టడం మొదలుపెట్టాయి. వాడకంలో చికాకు మాత్రం తక్కువేం కాదు. నెలకు 36 ఔన్సుల సీరియల్ అనుకోండి: 18 ఔన్సుల డబ్బాలు రెండు, లేదా 12, 24 కలిపితే సరిగ్గా సరిపోతుంది. 16వి రెండు తీసుకుంటే మిగిలిన 4 ఔన్సులకు డబ్బా దొరకదు, నెలాఖరుకు అవి పోయినట్టే. స్నాప్ మిగులైతే పై నెలకు వెళ్తుంది. బ్రాండు సరైనదే అయినా సైజు రాష్ట్రం జాబితాలో లేకపోతే స్కానర్ ఒప్పుకోదు. అరలో అంటించిన విక్ చీటీని నమ్మొద్దు, డబ్బాలు పక్కకు జరుగుతుంటాయి. విక్ యాప్‌లో బార్‌కోడ్ చూసుకోండి.

మా మొగ్గు నిషేధం వైపు కాదు, ప్రోత్సాహం వైపు. మసాచుసెట్స్‌లోని హ్యాంప్‌డెన్ కౌంటీలో 2011–12లో పండ్లు, కూరగాయల మీద పెట్టిన ప్రతి డాలరుకూ 30 సెంట్లు తిరిగి కార్డులో వేస్తే, వాటి వాడకం దాదాపు పాతిక శాతం పెరిగింది. ఇప్పుడు చాలా రైతు బజార్లలో ఇలాంటి పథకాలున్నాయి. ముందు సమాచార బూత్‌కు వెళ్లి కార్డు గీకించి టోకెన్లు తీసుకోవాలి, ఆ తర్వాతే బేరం. ప్రోత్సాహంగా అదనంగా జోడించి ఇచ్చే టోకెన్లు వేరే రకం, అవి పండ్లకూ కూరలకూ మాత్రమే చెల్లుతాయి. నేరుగా బల్ల దగ్గరికి వెళ్తే చాలాచోట్ల కార్డు మిషనే ఉండదు.