హైస్కూలుకు స్థలం: రోడ్డు పక్కనా, తండా దారిలోనా?

హనుమకొండ–కరీంనగర్ రోడ్డు మీదుండే మా ఊళ్లో హైస్కూలుకు స్థలం చూసే పనిలో ఈ మధ్య నేనూ తిరిగాను. అప్పటి నుంచి పక్క ఊళ్ల పెద్దమనుషులు ఎదురైతే చాలు, ఒకటే ప్రశ్న: "సారూ, దాత ఇస్తానన్న రోడ్డు పక్క భూమి మేలా, సర్కారు చెలక మేలా?" ఊరు ఏదైనా వరస ఇదే. ఒక దాత ఉంటాడు, ఒక చెరువు ఉంటుంది, తండా దారిలో ఎవరికీ పట్టని చెలక, అంటే మెట్ట నేల, ఒకటి ఉంటుంది.

చెరువు సంగతి ముందు వదిలించుకుందాం. శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే నేల, ఎండాకాలంలో చక్కని మైదానంలా ఊరిస్తుంది. పూర్తి నీటిమట్టం లోపల కట్టడానికి వీల్లేదు. 10 హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువైతే ఆ హద్దు అవతల మరో 30 మీటర్లు వదలాలి. 2023 జూలై వరదలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునగడం చూశాక కూడా శిఖంలో బడి అనే వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

ఉన్న ప్రాథమికోన్నత పాఠశాలలోనే గదులు పెంచితే సరిపోదా అంటారు కొందరు. మాది 30 గుంటల ఆవరణ. వంటగది, మరుగుదొడ్లు పోగా మిగిలిన చోట పిల్లలు కబడ్డీ ఆడితే గోడకు తగిలి మోచేతులు గీరుకుపోతున్నాయి.

ఇక అసలు పోటీ. దాత భూమి 2 ఎకరాలు, బస్సు ఆగే చోటికి ఎదురుగా. హనుమకొండ నుంచి వచ్చే టీచర్లకు సుఖం. దీన్ని నేను తక్కువ చేయను. బస్సు దిగి చాలా దూరం నడవాల్సిన బడిని బదిలీల్లో ఎవరూ కోరుకోరు. నీళ్లకూ కొదవ లేదు. నేల మాత్రం నల్లరేగడి, వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే రకం. పునాది మీద గట్టిగా ఖర్చు పెట్టకపోతే ఆ నెర్రెలు గోడల్లోకి ఎక్కుతాయి. పైగా దాతకు దాని పక్కనే మరో 9 ఎకరాలుంది. బడి వచ్చిన మరుసటేడు అక్కడ వెంచర్ లేస్తుందనీ, ప్లాట్ల బోర్డు మీద "హైస్కూలు ఎదురుగా" అని ఉంటుందనీ చెప్పడానికి జాతకం చూడనక్కర్లేదు. అయినా దానం దానమే. రిజిస్టరైన దానపత్రం చేతికి వచ్చేదాకా మాత్రం అది మాటే.

చెలక 3 ఎకరాల 10 గుంటలు, ఊరికీ తండాకూ నడుమ. ఎర్రనేల, మూడడుగుల లోతుకే మొరం. బోరు పడుతుందన్న నమ్మకం లేదు, మిషన్ భగీరథ పైపు ఊళ్లోంచి లాగాలి. ఒక అంచున ఒక కుటుంబం చాలా ఏళ్లుగా పత్తి వేసుకుంటోంది. సర్వేయర్ వచ్చిన రోజు ఆ ఇంటావిడ ఏమీ అనలేదు, గట్టు మీద కూర్చుని చూసింది. వాళ్లకొక దారి చూపకుండా కంచె వేయడం నాకు ఇష్టం లేదు.

ఇంతవరకు లెక్కిస్తే దాత భూమికే మార్కులెక్కువ. నన్ను మార్చింది మా ఊరి రోడ్డే, అంటే 563వ జాతీయ రహదారి. మా ఊరు, తండా, వడ్డెర కాలనీ అన్నీ రోడ్డుకు ఇవతల. దాత భూమి అవతల. ఇప్పుడు వరంగల్–కరీంనగర్ మధ్య దాన్ని నాలుగు వరుసలు చేస్తున్నారు. నడుమ డివైడర్ వస్తుంది. కింది నుంచి దాటే దారి మా బస్సు స్టాపుకు ముప్పావు కిలోమీటరు దూరాన పడింది, బడి కోసం దాన్ని జరపరు. సాయంత్రం గంట కొట్టాక పదమూడేళ్ల పిల్లవాడు అంత చుట్టు తిరుగుతాడా? డివైడర్ ఎక్కి దూకుతాడు. గ్రానైట్ బండలు మోసే లారీల ముందు దూకుతాడు.

తండా పిల్లల సంగతి వేరే. దాత భూమికి తండా నుంచి నేను నడిస్తే 50 నిమిషాలు పట్టింది. చెలకకు 20. డిసెంబరులో ఆరు కాకముందే చీకటి. తొమ్మిదో తరగతి ఆడపిల్లను ఆ 50 నిమిషాల దారిన ఎన్నాళ్లు పంపుతారు? విద్యాహక్కు చట్టం 14 ఏళ్లతో ఆగిపోతుంది, ఆ తర్వాత ఆమె మానేస్తే అడిగే నాథుడు లేడు. అయిదు కిలోమీటర్లలోపు హైస్కూలు ఉంటే చాలన్న కొలత ప్రకారం రెండు స్థలాలూ సరైనవే. అందుకే ఆ కొలతను నేను పెద్దగా పట్టించుకోను. మీ ఊళ్లోనూ స్థలం చూడటానికి కార్లో పోకండి, పుస్తకాల సంచి బరువుతో నడిచి చూడండి.

"తండా పిల్లల కోసం మా పిల్లలు నడవాలా?" అని గ్రామసభలో ఒకరు అడిగారు. ఊరి నడిబొడ్డు నుంచి చెలకకు 18 నిమిషాలని చెప్పాను. గడియారం తప్పై ఉంటుందన్నారు.

మొన్న దాత ఇంటికి వెళ్లాం. టీ ఇచ్చారు. భూమి వద్దని చెప్పి, దాని బదులు చెలక చుట్టూ ప్రహరీ కట్టించమని అడిగాం. ఆ గోడ మీద తన తండ్రి పేరు రాయిస్తారా అని అడిగారు. రాయిస్తామన్నాం.